ప్రాథమిక దంత ముద్ర

నోటిలో ఒక్క పన్ను కూడా లేనివారికి పూర్తి కట్టుడు పళ్ళు తయారు చేయడానికి దంతవైద్యులు మొట్టమొదట తీసే అచ్చును ప్రాథమిక దంత ముద్ర అంటారు. ఈ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ నమూనాను తయారు చేస్తారు. నమూనా మీద ఆ రోగి దవడకు మాత్రమే సరిపోయే స్పెషల్ ట్రేను చేసి, దానితో తుది ముద్ర తీస్తారు. చిగుళ్ళ సూక్ష్మ వివరాలు తుది ముద్రలో వస్తాయి కనుక ప్రాథమిక ముద్రలో అవి కొంత తగ్గినా నష్టం లేదు. కట్టుడు పళ్ళు ఆనవలసిన ప్రదేశం మాత్రం పూర్తిగా రావాలి. అంచు ఎక్కువైతే ట్రేను తరువాత అరగదీయవచ్చు. రాని భాగాన్ని నమూనాలో ఊహించి చేర్చడం కుదరదు.

ముద్ర హద్దులు

పై దవడలో చిగుళ్ళ గట్టు చివరి ఉబ్బులు, వాటి వెనుకనున్న గుంటలు, "ఆ" అన్నప్పుడు అంగిలి కదలడం మొదలయ్యే రేఖ ముద్రలో కనిపించాలి. కింది దవడలో గట్టు చివరనుండే మెత్తని దిండు (రెట్రోమోలార్ పాడ్), నాలుక పక్కనున్న లోతైన భాగం ముఖ్యమైనవి. అనుభవం లేనివారు ఎక్కువగా వదిలేసేవి కూడా ఇవే. పళ్ళు పోయిన తరువాత దవడ ఎముక క్రమంగా అరుగుతుంది. ఈ అరుగుదల కింది దవడలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువని దీర్ఘకాలిక పరిశీలనలలో తేలింది. ఉన్న కొద్దిపాటి ఆధారంలోనూ కొంత ముద్రలో రాకపోతే కింది పళ్ళు నమిలేటప్పుడు కదులుతాయి, చిగుళ్ళు ఒరుసుకొని పుండ్లు పడతాయి.

పదార్థాలు

ఇంప్రెషన్ కాంపౌండ్ సుమారు 55-60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో మెత్తబడి, చల్లారగానే గట్టిపడుతుంది. ముద్రలో లోపముంటే ఆ భాగాన్నే మళ్ళీ వేడిచేసి సరిచేయవచ్చు. చార్లెస్ స్టెంట్ అనే ఆంగ్లేయ దంతవైద్యుడు 1856లో ఇటువంటి పదార్థాన్ని మెరుగుపరచాడు. గుండె రక్తనాళాలలో అమర్చే "స్టెంట్"కు ఆయన పేరే వచ్చిందని భావిస్తారు. కాంపౌండ్ చిక్కగా ఉండి కండను నొక్కుతుంది కాబట్టి, గట్టు మెత్తగా ఊగుతున్నప్పుడు సముద్రపు నాచునుండి లభించే ఆల్జినేట్ మేలు. అయితే ఆల్జినేట్ అచ్చు గాలికి నీటిని కోల్పోయి కుంచించుకుపోతుంది. కొద్ది నిమిషాలలోనే ప్లాస్టర్ పోయాలి.

తీసే విధానం

పాత కట్టుడు పళ్ళు ధరించేవారు ముద్రకు కనీసం ఒక రోజు ముందు వాటిని తీసివేయాలి. లేకపోతే అణగిన చిగురే ముద్రలో వస్తుంది. రోగిని నిటారుగా కూర్చోబెట్టి, పై ముద్రకు వైద్యుడు కుడిపక్క వెనుకగాను, కింది ముద్రకు ముందుగాను నిలబడతాడు. పై ముద్రకు డోకు వచ్చేవారిలో ట్రే వెనుక భాగాన్ని ముందు ఆనించి, తల కొంచెం ముందుకు వంచి ముక్కుతో గాలి పీల్చమంటారు. కింది ముద్రలో నాలుకను పైకెత్తి ముందుకు చాపమనడం వలన నాలుక వైపు అంచు సరిగా ఏర్పడుతుంది. బయటకు తీసిన ముద్రను నీటితో కడిగి, క్రిమిసంహారక ద్రావణంతో శుద్ధి చేసిన తరువాతే ప్రయోగశాలకు పంపుతారు.