క్రయోలిపాలిసిస్: శీతల చికిత్స చరిత్ర, పేర్లు - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
శరీరంలో ఒకచోట పేరుకున్న కొవ్వును శస్త్రచికిత్స లేకుండా చలితో తగ్గించే పద్ధతికి క్రయోలిపాలిసిస్ అని పేరు. ఇంగ్లీషు వాడుకలో దీనిని కొవ్వును గడ్డకట్టించడంగా వ్యవహరిస్తారు. తెలుగులో కొవ్వు తగ్గించే ఏ పద్ధతినైనా ‘కొవ్వు కరిగించడం’ అనడం అలవాటు. ఒకే ప్రక్రియకు పరస్పర విరుద్ధమైన రెండు క్రియలు ఎలా అమరుతాయి? ఈ చికిత్స చరిత్రను పరిశీలిస్తే, ఆ రెండూ కణజాలంలో జరిగేదానిని చెప్పడం లేదని తెలుస్తుంది.

వ్యాధి నుంచి చికిత్సకు:
ఈ చికిత్సకు మూలం సౌందర్య సాధన కాదు, ఒక రుగ్మత పరిశీలన. పుల్లైసు చప్పరించిన శిశువు బుగ్గలో ఎర్రని గట్టి గడ్డలు ఏర్పడటాన్ని 1970లో ఎప్‌స్టీన్, ఓరెన్ ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో నమోదు చేశారు. చలిలో గుర్రపుస్వారీ చేసే స్త్రీల తొడలపై ఏర్పడే ఇటువంటి గడ్డలను 1980లో మరికొందరు వైద్యులు వర్ణించారు. చలి దెబ్బ చర్మంకన్నా దాని కింది కొవ్వుకే ఎక్కువగా తగులుతుందన్న సూచన వీటిలో ఉంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ బృందం పందులపై ప్రయోగాలు జరిపి, 2008లో ఫలితాలను ప్రచురించింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ చికిత్సను 2010లో నడుము పక్కలకు, 2012లో పొట్టకు అనుమతించింది.

కణజాలంలో జరిగేది:
చలికాలంలో నెయ్యి పేరుకున్నా, పక్కనున్న నీరు నీరుగానే ఉంటుంది. కణాలలోని కొవ్వు కూడా నీరు గడ్డకట్టేకన్నా ముందే స్ఫటికరూపం పొందుతుంది. ఈ భేదమే చికిత్సకు ఆధారం. దెబ్బతిన్న కొవ్వు కణాలు తరువాతి రోజులలో అపోప్టోసిస్ అనే క్రమబద్ధ మరణానికి లోనవుతాయి. అక్కడ మొదలైన వాపు ప్రతిచర్య సుమారు రెండు వారాలకు తీవ్రస్థాయికి చేరుతుంది. మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు మృతకణాలను క్రమంగా తొలగిస్తాయి. రెండు, మూడు నెలలలో ఆ భాగపు కొవ్వుపొర సాధారణంగా 20 నుంచి 25 శాతం పలుచబడుతుంది. అయితే ఇది బరువు తగ్గించే చికిత్స కాదు. మిగిలిన కణాలు ఆ తరువాత ఉబ్బవచ్చు.

విపరీత పరిణామం:
చికిత్స చేసిన చోటనే కొవ్వు తగ్గకపోగా పెరిగి గట్టిపడిన ఉదంతాన్ని 2014లో ‘జామా డెర్మటాలజీ’ ప్రచురించింది. దీనిని పారడాక్సికల్ అడిపోస్ హైపర్‌ప్లాసియా అన్నారు. ఇటువంటివి 20,000 చికిత్సలకు ఒకటి అన్నది తొలి అంచనా. అది తక్కువ అంచనా అని తరువాతి అధ్యయనాలు సూచించాయి. ఈ పెరుగుదల సాధారణంగా తనంతట తాను తగ్గదు. దానిని తొలగించడానికి లైపోసక్షన్ వంటి శస్త్రచికిత్స అవసరమవుతుంది. తనకు ఈ పరిణామం కలిగిందని మోడల్ లిండా ఎవాంజెలిస్టా 2021లో బహిరంగంగా ప్రకటించడంతో ఇది లోకానికి విస్తృతంగా తెలిసింది.

ముగింపు:
కరిగిన నెయ్యి మళ్లీ పేరుకుంటుంది, పేరుకున్నది మళ్లీ కరుగుతుంది. కరగడం, గడ్డకట్టడం అనే రెండు మాటలూ వెనక్కి మళ్లగల స్థితిమార్పునే స్ఫురింపజేస్తాయి. ఇక్కడ జరిగేది కణమరణం, దానికి శరీరం చూపే ప్రతిస్పందన. ఆ ప్రతిస్పందన అరుదుగా ఎదురుతిరగవచ్చు కూడా. కాబట్టి తెలుగు వైద్యరచనలో దీనిని ‘చలితో కొవ్వు కణాలను నశింపజేసే చికిత్స’ అనడం సముచితం. మాట సరిగా ఉన్నప్పుడే, చికిత్సకు అంగీకరించే వ్యక్తికి తాను దేనికి అంగీకరిస్తున్నదీ తెలుస్తుంది.