ఛాయాచిత్రములు - మెరుగులు - అభిరుచి

ఈ సంచికలో మన గ్రంథాలయ స్థాపకుల పాత ఛాయాచిత్రములను వేయ నిశ్చయించినపుడు సభ్యులలో చిన్న వివాదము పుట్టినది. ముడుతలు తీసి, రంగులద్ది నిగనిగలాడునట్లు వేయవలెనని కొందరు, మాసినవి మాసినట్లే యుండవలెనని కొందరు. ఈ తగవు మనతో పుట్టినది కాదు. 1858లో ఇంగ్లండున రాబిన్సనను నతడు ఐదు నెగటివులను కూర్చి, మరణశయ్యపైనున్న బాలిక చిత్రమొకటి కల్పింపగా పలువురు నొచ్చుకొనిరి. 1889లో ఎమర్సను ప్రకృతిని సహజముగా చూపవలెనని వాదించుచు గ్రంథమే వ్రాసెను.

హైదరాబాదు రాజ్యమున ఆరవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీనదయాళు (1844-1905). ఆయన స్టూడియోనుండి చేతితో రంగులు వేసిన చిత్రములును వెలువడినవి. ఆనాటి స్టూడియోలలో పని ఇట్లు సాగెడిది: ముఖముపై మచ్చ గాజు నెగటివులో పలుచని చుక్కగా నుండును, దానిని సన్నని పెన్సిలుతో పూరించినచో కాగితముపై మచ్చ మాయమగును. నలుపు కావలసినచోట కత్తిమొనతో గోకుదురు. అచ్చయిన పిదప దూది చుట్టిన పుల్లతో రంగులద్దుదురు.

ఇందొక చిత్రమున్నది. ఆ కాలపు పలకలు ఎరుపును గ్రహింపజాలవు. నుదుట కుంకుమబొట్టు నల్లని చుక్కయై దిగును. దానిపై ఎరుపు పూసినవాడు అబద్ధమాడెనా, పలక యాడిన అబద్ధమును దిద్దెనా? దిద్దెననియే నేనందును. మశూచి మచ్చలను తుడిచి నున్నని ముఖము చేసినపుడు మాత్రము సంగతి వేరు. ఆ మచ్చలతో ఆ మనిషి ఆనవాలును, ఆ రోగము ఊళ్ళనేలిన కాలపు సాక్ష్యమును పోవును. నిర్మల బొమ్మల బంగారు వన్నె చూచి పెరిగిన మన కంటికి పటముపై కొంత పసిడి పూత ముచ్చటగొల్పుట సహజమే, దానిని తప్పుపట్టను.

1940లో కుమురం భీము పోరాటమునకు పిమ్మట నిజాము ప్రభుత్వము ఆదిలాబాదు గోండుల స్థితిగతులు పరిశీలించుటకు హైమెన్‌డార్ఫు పండితుని నియోగించెను. మార్లవాయిలో నివసించి ఆయన తీసిన చిత్రములు నేడు లండనులో భద్రముగా నున్నవి. మెరుగులు వెదకువారికి వానిలో నిరాశయే. ఇంటి కప్పెట్లుండెనో, నగలెట్లు ధరించిరో తెలియగోరువారికి అవి నిధి.

కోరుట్లలో 1939లో జన్మించి 2011లో గతించిన బండి రాజన్‌బాబుగారికిని గిరిజనులు ప్రియమైన వస్తువే. (కోరుట్ల నేడు జగిత్యాల జిల్లాలోనిది.) కాని వారిది పిక్టోరియల్ మార్గము, వెలుగునీడల పొందికయే ప్రధానము. ఈ ఇద్దరిలో ఎవరు సరియని యడుగుట కవిని కరణము లెక్కలు చెప్పుమనుటవంటిది. నా యింటి గోడకు రాజన్‌బాబుగారి చిత్రమునే కోరుదును. పూర్వుల బ్రతుకు తెలియవలెనన్న హైమెన్‌డార్ఫు చిత్రమునే వెదకుదును.

నేడు కంప్యూటరుపై క్షణములో రంగులు పడును. మూలము చెడదనునది దానిలోని మేలు. గాజుపలకపై కత్తి గీసిన గాటు మరల పూడదు. కనుక మూలచిత్రములనే ఈ సంచికలో వేసితిమి. రంగుల ప్రతులు పఠనమందిరమున నుండును. వానిలో ఒకరి తలపాగా రంగు విషయమున వారి మనుమలకే పొత్తు కుదరలేదు; దానిని తెల్లగానే విడిచితిమి.