మనుషుల్లేని కాశీ

రామ్ కుమార్ వేసిన కాశీ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు కోపం వచ్చింది. బూడిదరంగు, మట్టిరంగు, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయిన ఇళ్ళు, కింద నల్లటి నీళ్ళు. ఒక్క మనిషి లేడు. కాశీలో మనిషి లేకపోవడం ఏమిటి?

కోపానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకుముందే ఆయన 1950లలో వేసిన బొమ్మలు పుస్తకాల్లో చూశాను. పీక్కుపోయిన ముఖాలు, వెనక ఇరుకు నగరం, ఉద్యోగం లేని కుర్రాళ్ళు. 1956 నాటి 'ద వాగబాండ్' వాటిలో ఒకటి. ఆ దిక్కులేనివాడి బొమ్మ 2008లో క్రిస్టీస్ వేలంలో పది లక్షల డాలర్లకు పైగా పలికిందంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఆయన 1924లో సిమ్లాలో పుట్టాడు. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఎకనామిక్స్ చదివాడు, బ్యాంకులో చేరాడు. బొమ్మలు నేర్చుకున్నది శారదా ఉకీల్ స్కూల్లో, సాయంత్రం క్లాసుల్లో. 1948లో ఆ ఉద్యోగం వదిలేశాడు. నెలనెలా ఈఎంఐ కట్టే నాలాంటివాడికి ఈ ఒక్క వాక్యం చాలు, ఆయన మీద అసూయ పుట్టడానికి. తర్వాత పారిస్‌లో ఆంద్రే లోత్ దగ్గర, ఫెర్నాండ్ లెజే దగ్గర నేర్చుకున్నాడు. వామపక్ష భావాలు అక్కడ గట్టిపడ్డాయి. హిందీలో కథలూ రాశాడు. నిర్మల్ వర్మ ఆయన తమ్ముడే.

1960లో హుసేన్‌తో కలిసి కాశీ వెళ్ళాడు. ఆ తర్వాత ఆయన కాన్వాసు మీంచి మనుషులు మెల్లగా మాయమైపోయారు. పేదవాడి ముఖం గీసినవాడు గోడలూ మెట్లూ గీస్తూ కూర్చోవడం తప్పించుకోవడమే కదా అనుకున్నాను, చాలాకాలం.

రెండేళ్ళ కిందట నాన్న అస్థికలు తీసుకుని కాశీ వెళ్ళాను. ఘాట్ నిండా జనం, గంటలు, బేరాలు, సెల్ఫీలు. అంతా అయ్యాక పడవ వెనక్కి తిరిగింది. అమ్మ పక్కనే కూర్చుని ఏదో అంటోంది, నాకు వినపడలేదు. ఎదురుగా అంత జనం ఉన్నా ఒక్క ముఖమూ కంటికి ఆనలేదు. మెట్లు, గోడలు, మూసిన కిటికీలు, అంతే. ఈ దృశ్యం ఎక్కడో చూశానే అనుకున్నాను. హైదరాబాద్ వచ్చాక గానీ గుర్తురాలేదు.

అప్పుడు తట్టింది, ఆయన కాశీలో మనుషుల్ని చెరిపేయలేదేమో అని. మనిషి పోయాక మిగిలినవాళ్ళకి ఊరు ఎలా కనిపిస్తుందో అలా గీశాడు. కత్తితో రంగు పరిచి, గీకి, మళ్ళీ పరిచిన ఆ పొరల్లో దుఃఖం ఉంది, దానికి ముఖం అక్కర్లేదు.

అలాగని నా పాత ప్రశ్న పూర్తిగా పోలేదు. ఉద్యోగం లేనివాడి ఆకలి ఆ బూడిదరంగులో నాకు ఇప్పటికీ కనిపించదు. దుఃఖం అందరిదీ కావచ్చు, ఆకలి కొందరిదే. తర్వాతి దశాబ్దాల్లో ఆయన బొమ్మల్లోంచి ఇళ్ళు కూడా పోయి నీలం, ఆకుపచ్చ, పసుపు పలకలు మిగిలాయి. వాటిలో గాలి ఆడుతుంది, హాయిగా ఉంటుంది. వాగబాండ్‌కి మాత్రం అక్కడ చోటు లేదు.

2018 ఏప్రిల్‌లో ఆయన పోయాడు. నా టేబుల్ మీద ఇప్పుడు రెండు ప్రింట్లున్నాయి, ఒకటి కాశీ, ఒకటి వాగబాండ్. నాన్న గుర్తొచ్చిన రోజు మొదటిది చూస్తాను. ఆఫీసులో ఎవరినో తీసేశారని మెయిల్ వచ్చిన రోజు రెండోది.