కాపలా గ్రంథి: పురుషాంగ క్యాన్సర్ చరిత్రలో ఒక అధ్యాయం

నేడు రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకునే స్త్రీలలో అనేకులకు చంకలోని గ్రంథులన్నిటినీ తొలగించవలసిన అవసరం కలగడం లేదు. ముందుగా ఒకటి రెండు గ్రంథులను తీసి పరీక్షిస్తారు. వాటిలో క్యాన్సర్ కనబడకపోతే మిగిలినవాటిని ముట్టుకోరు. చేయి జీవితాంతం వాచి ఉండే బాధ ఆ విధంగా ఎందరికో తప్పినది. ఈ మేలుకు దారి చూపినది నలుగురిలో పేరెత్తడానికే సంకోచించే ఒక వ్యాధి. అదే పురుషాంగ క్యాన్సర్.

ఈ వ్యాధి సాధారణంగా శిశ్నాగ్రం మీదగాని, దానిని కప్పే ముందోలు లోపలగాని చిన్న పుండుగానో, గట్టిపడిన మచ్చగానో, పులిపిరి వంటి పెరుగుదలగానో మొదలవుతుంది. అక్కడినుండి తొలుత గజ్జలలోని లింఫ్ గ్రంథులకు పాకుతుంది. అందువల్ల పూర్వపు వైద్యులు అంగాన్ని కొంతగాని పూర్తిగాగాని తొలగించి, గజ్జల గ్రంథులను కూడా తీసివేసేవారు. ఈ రెండవ శస్త్రచికిత్స మిక్కిలి కష్టమైనది. చర్మం చచ్చుబడి, గాయం చీముపట్టి, కాళ్ళు వాచి రోగులు దీర్ఘకాలం బాధపడేవారు. చేయకుండా ఉందామంటే మరొక ప్రమాదం ఉన్నది. గజ్జలో బిళ్ళ చేతికి తగలని రోగులలో సైతం సుమారు ఐదుగురిలో ఒకరికి వ్యాధి అప్పటికే గ్రంథిలో చేరి ఉంటుంది. ఆ ఒక్కరి కోసం మిగిలిన నలుగురినీ కోయవలెనా?

పరాగ్వే దేశీయుడైన రామోన్ కబాన్యాస్ 1977లో ఈ చిక్కుకు ఒక సమాధానం ప్రకటించాడు. పురుషాంగంలోని లింఫ్ నాళాలలోనికి ఎక్స్‌రేలో కనబడే మందును ఎక్కించి, అది మొదట ఏ గ్రంథిని చేరుతున్నదో ఆయన పరిశీలించాడు. ఆ మొదటి గ్రంథి ఊరి పొలిమేరలో నిలబడిన కాపలావాని వంటిది. అక్కడికి శత్రువు రాకపోతే ఊరిలోనికీ రాలేదని భావించవచ్చును.

ఆలోచన గొప్పదే కాని పద్ధతిలో లోపమున్నది. కాపలా గ్రంథి అందరిలోనూ ఒకే చోట ఉండదు. అది నిర్దోషిగా తేలిన కొందరిలో తరువాత వ్యాధి బయటపడినది. 1992లో అమెరికాలో డొనాల్డ్ మోర్టన్ చర్మపు మెలనోమా రోగులకు నీలిరంగు ద్రావణం ఎక్కించి, ఏ రోగికి ఆ రోగి గ్రంథిని వెదికే పద్ధతిని ప్రకటించాడు. 1994లో ఆర్మాండో జూలియానో దానిని రొమ్ము క్యాన్సర్‌లో వినియోగించాడు. అదే సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు పురుషాంగ క్యాన్సర్‌లో ఆ ప్రయత్నం ప్రారంభించారు. రంగుతోపాటు స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని కూడా వాడారు. బయలుదేరిన ఇంటికే విద్య మెరుగుపడి తిరిగివచ్చినది.

వ్యాధి కారణాలు కూడా క్రమంగా తెలిసివచ్చినవి. ముందోలు వెనుకకు రాకపోవడం, దాని క్రింద మురికి నిలవడం, దీర్ఘకాలపు వాపు, పొగాకు ముఖ్యమైనవి. హెరాల్డ్ జుర్ హౌసెన్ పరిశోధనలు గర్భాశయముఖ క్యాన్సర్‌కు మూలమని చూపిన హెచ్‌పీవీ వైరస్ ఈ క్యాన్సర్‌లో కూడా దాదాపు సగం మందిలో కనబడుతుంది. ఆయనకు 2008లో నోబెల్ బహుమతి లభించినది.

శాస్త్రం ఇంత దూరం వచ్చినా సిగ్గు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. నా ఉద్యోగకాలంలో ఒక రైతు భార్యకు కూడా చెప్పక ఏడాదిపాటు పుండుకు పసరు రాసుకొని వచ్చాడు. సుఖవ్యాధి అంటారేమోనని ఆయన భయం. అప్పటికి గజ్జలో బిళ్ళ పగిలి ఉన్నది. అదే పుండును మొదటి నెలలోనే చూపించి ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీ చేసి వ్యాధిని ముందుగానే గుర్తించే వీలుండేది. తొలిదశలో పూత మందు, లేజర్, పరిమిత శస్త్రచికిత్స, రేడియేషన్ వంటి పద్ధతులతో అనేకులలో అంగాన్ని నిలుపుకోవచ్చును.

మూడు నాలుగు వారాలలో మానని పుండు, రక్తస్రావం, దుర్వాసనతో కూడిన స్రావం, ముందోలు క్రింద తగిలే గడ్డ కనబడితే వైద్యుని వద్దకు వెళ్ళండి. మన శరీరంలోని కాపలా గ్రంథి తన పని తాను చేస్తుంది. దానికంటె ముందుగా మేలుకొనవలసినది మనమే.