కామాఠీపురా ఖోలీ రసీదు

కామాఠీపురాలో నేను పుట్టిన బిల్డింగును కూలగొట్టాల్సిందే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ముంబైలో పాత చాళ్ల మీద బెంగతో రాసిన వ్యాసాలు నేను చాలా చదివాను. వాటిలో వరండాలూ, పండగలూ, పక్కింటి పలకరింపులూ ఉంటాయి, అవన్నీ నిజమే. అంతస్తుకు రెండే పాయిఖానాలు ఉండటం, తెల్లారకముందే ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని వరసలో నిలబడటం కూడా అంతే నిజం. మా మెట్ల కింద రిపేర్ బోర్డు వాళ్లు పెట్టిన ఇనప గర్డర్లు ఏళ్ల తరబడి అలాగే ఉన్నాయి. ఆ గోడల్ని కాపాడమని నేను అడగను. వాటి మధ్య బతికిన మనుషుల లెక్క సరిగ్గా రాయమని అడుగుతున్నాను. ఈ పేటలో ఆ లెక్క ఎన్నిసార్లు తప్పిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముంబై ఒకప్పుడు ఏడు దీవులు. వర్లీ దగ్గరి గండి నుంచి సముద్రపు పోటు లోపలికి వచ్చి మధ్యలోని పల్లపు నేలంతా ముంచేది. గవర్నర్ హార్న్‌బీ ఆ గండికి కట్ట కట్టించాడు. 1784 ప్రాంతంలో అది పూర్తయ్యాక నీళ్లు తీసిన బురద నేల మిగిలింది. నిజాం రాజ్యం నుంచి రాళ్లు కొట్టను, మట్టి మొయ్యను వచ్చిన మన తెలుగు కూలీలు ఆ పల్లంలోనే గుడిసెలు వేసుకున్నారు. ఊరి జనం వాళ్లను కామాఠీలన్నారు, పేటకూ అదే పేరు నిలిచింది. తర్వాత గల్లీలకు నంబర్లు వేశారు. పేరున్న వీధి ఒకటీ అరా తప్ప మా చిరునామాలన్నీ అంకెలే.

ఆ కూలీల్లోంచి వచ్చినవాళ్లే పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద కాంట్రాక్టర్లయ్యారు. జయా కరాడి లింగు, వ్యంకూ బాళోజీ కాళేవార్ లాంటివాళ్లు ముంబైలో జోతీరావు ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలబడ్డారు. వీటీ స్టేషన్ ఎదురుగా 1893లో పూర్తయిన మునిసిపల్ కార్పొరేషన్ భవనానికి నక్షా గీసింది స్టీవెన్స్, కట్టించింది కాళేవార్. ఎన్నో ఏళ్లు మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువు చెప్పిన నేను జీతం పనుల మీద ఆ భవనంలోకి వెళ్లినప్పుడల్లా మెట్ల రాళ్లను చేత్తో తడిమి చూసేవాణ్ణి. ఆ భవనం చెక్కు చెదరలేదు. అలాంటి రాళ్లు మోసినవాళ్ల పేట మాత్రం కుంగిపోయింది.

మా తాత పాలమూరు నుంచి వచ్చిన సుతారి. చాళ్లు ఎందుకు కూలతాయో నాకు చిన్నప్పుడే ఆయన చూపించాడు. ఈ బిల్డింగుల్లో బరువంతా మోసేది టేకు చట్రం. నిలువు దుంగలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద పలకలు పరిచి గచ్చు. మధ్యలో కట్టిన ఇటుక గోడ ఖాళీ నింపడానికే. డంగు సున్నం గాలి పీలుస్తుంది, తడిసినా ఆరుతుంది. టేకు కూడా పొడిగా ఉంటే వందేళ్లు నిలుస్తుంది. అయితే ప్రతి ఖోలీలో, అంటే ఒంటి గది ఇంట్లో, ఒక మూల మోరీ ఉంటుంది. స్నానం, గిన్నెలు, బట్టలు అన్నీ అక్కడే. ఆ నీళ్లు రోజూ గచ్చులోకి కొంచెం కొంచెం ఇంకి, గోడలోకి దూరిన దూలం కొనను తడుపుతాయి. పైకి దూలం నిక్షేపంగా కనిపిస్తుంది, గోడ లోపలున్న జానెడు కొన మాత్రం పొట్టులా రాలుతుంది. తాత చేతికర్రతో దూలం కొనల మీద కొట్టి, చప్పుడు విని, ఏ ఖోలీ ముందు దిగుతుందో చెప్పేవాడు. తర్వాత వచ్చినవాళ్లు సున్నం మీద సిమెంటు పూశారు. లోపలి తడి బయటికి రాకుండా ఆ పూత మూసేసింది. పైన షాబాద్ బండలు, సిమెంటు నీళ్ల ట్యాంకు, ఖోలీ లోపల పడుకోవడానికి మాళా వచ్చి చేరాయి. కట్టినప్పుడు లెక్కలో లేని బరువు అది.

అది తెలిసీ ఎవరూ ఎందుకు బాగు చెయ్యలేదు? ఇక్కడ కిరాయి చట్టం కథ చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ధరల్లో, 1918లో, కిరాయిల మీద మొదటి అదుపు వచ్చింది. 1947 చట్టం పాత ఇళ్లకు 1940 సెప్టెంబరు 1 నాటి కిరాయినే ప్రమాణం చేసింది. పేదవాణ్ణి ఓనరు రాత్రికి రాత్రి బయటికి నెట్టకుండా కాపాడిన చట్టం అది. అది లేకపోతే మా నాన్న మిల్లు పని పోయిన నాడే మేము రోడ్డు మీద ఉండేవాళ్లం. కాబట్టి దాన్ని నేను తిట్టను. కానీ కిరాయి అక్కడే ఆగింది, సున్నం ధర, కర్ర ధర, మేస్త్రీ కూలి ఆగలేదు. చివరికి 1999 చట్టం, 2000 మార్చి 31 నుంచి, ఏటా 4 శాతం పెంచుకోనిచ్చింది. పది రూపాయల కిరాయి ఆ లెక్కన పాతికేళ్లు పెరిగినా ఇరవై ఏడు రూపాయలు కాదు. దానితో ఓనరు దూలం కాదు కదా, మేకులు కూడా కొనలేడు.

ఈ ఎడాన్ని పగిడీ పూడ్చింది. ఖోలీలోకి వచ్చేవాడు ముందే పెద్ద మొత్తం కట్టాలి, తర్వాత నెలనెలా నామమాత్రపు కిరాయి. ఖోలీ చేతులు మారినప్పుడల్లా ఓనరుకు వాటా ముడుతుంది. ఎన్నో దశాబ్దాలు చాటుగా నడిచిన ఈ పద్ధతిని 1999 చట్టమే ఒప్పుకుంది. దానితో ఖోలీకి సగం యజమాని కిరాయిదారు, సగం యజమాని ఓనరు అయ్యారు. దూలానికి మాత్రం యజమాని లేడు. అసలు రోగం ఇక్కడుందని నా అభిప్రాయం.

1969లో ప్రభుత్వం మధ్యలోకి వచ్చింది. దీవి నగరంలోని పాత కిరాయి బిల్డింగుల మీద సెస్ వేసి, ఆ డబ్బుతో రిపేరు చేసే బోర్డు పెట్టింది. అప్పుడు లెక్కకొచ్చిన సెస్ బిల్డింగులు 19,642. అందులో 16,502 కట్టడాలు 1940 సెప్టెంబరు కంటే ముందువే. బోర్డు తర్వాత రాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడాలో కలిసింది. రిపేరు ఖర్చుకు చదరపు మీటరుకు ఇంతని పరిమితి ఉంది, దానితో ఊతం పెట్టగలరు గాని చట్రం మార్చలేరు. మరీ ప్రమాదమైతే ఖాళీ చేయించి ట్రాన్సిట్ క్యాంపుకు పంపుతారు. కొన్నాళ్లకని వెళ్లినవాళ్ల పిల్లలు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, మనవలు అక్కడే పుట్టారు. అందుకే గోడ బీటలు వారినా జనం ఖోలీ వదలరు. 2017 ఆగస్టు 31న మాకు దగ్గర్లోనే భేండీ బజారు పాక్‌మోడియా వీధిలో హుస్సేనీ బిల్డింగు కూలి 33 మంది చనిపోయారు. ఆ పేటను తిరిగి కట్టే పథకం అప్పటికే నడుస్తోంది. ఆ బిల్డింగు కూడా అందులోదే.

పేటల్ని కూలగొట్టి కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1896లో ప్లేగు వచ్చాక, 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. దాని మొదటి పథకం మా పక్కనున్న నాగ్‌పాడాలోనే. గాలీ వెలుతురూ లేని ఇళ్లను పడగొట్టి వెడల్పు రోడ్లు వేశారు. అయితే మొదటి ఏళ్లలో ట్రస్టు పడగొట్టినన్ని ఖోలీలు కట్టలేకపోయింది. ఇళ్లు పోయినవాళ్లు పక్క పేటల్లోకి ఒదిగారు. ఆ పక్క పేటల్లో మాదీ ఒకటి.

ఇప్పుడు వర్లీ సంగతి చూడండి. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లు నాలుగు చోట్ల కలిపి 207. ఖోలీ 160 చదరపు అడుగులు. వర్లీలో మన పద్మశాలీలు మిల్లులకు వెళ్తూ తరాలపాటు అక్కడ బతికారు. 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు అదే చోట కొత్త టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. నాకు చాలా సంతోషం కలిగింది. అక్కడ నేల ప్రభుత్వానిది, ఓనరు ఒక్కడే. కామాఠీపురాలో నేల వందల మంది ఓనర్లది. కిరాయిదారుల సొసైటీ కోసం ప్రభుత్వం బిల్డింగును తీసుకోవచ్చని మ్హాడా చట్టానికి 1986లో చేసిన సవరణ మీద ఓనర్ల సంఘం కోర్టుకెక్కింది. 1992లో సుప్రీంకోర్టు చేరిన ఆ కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2024 నవంబరు 5న తీర్పు చెప్పింది. ప్రైవేటు ఆస్తులన్నింటినీ సమాజపు వనరులని లెక్కకట్టడానికి వీల్లేదంది.

ఇప్పుడు ఒకటో గల్లీ నుంచి పదిహేనో గల్లీ దాకా సుమారు 34 ఎకరాలను ఒకే పథకంగా కట్టాలని మ్హాడా పూనుకుంది. దాదాపు ఎనిమిది వేల మంది కిరాయిదారులకు 500 చదరపు అడుగులు ఇస్తామంటోంది. ముక్కలు ముక్కలుగా ఒక్కో బిల్డింగు మీద ఒక్కో బిల్డరు టవరు లేపడం కంటే ఇది మేలు. నా భయం ఇంకోచోట ఉంది. సెస్ బిల్డింగుల్లో 1996 జూన్ 13 నాటికి ఖోలీలో ఉన్నట్టు కాగితం చూపాలి. మా గల్లీల్లో ఒక్క ఖోలీ రసీదు మీద రెండు మూడు కుటుంబాలు బతికాయి. రసీదు చాలాసార్లు చనిపోయిన తాత పేరు మీదే ఉంది. మిల్లుల సమ్మె 1982లో మొదలయ్యాక పని పోయి పాలమూరు, నల్లగొండ తిరిగి వెళ్లినవాళ్లు ఖోలీని తెలిసినవాళ్ల చేతుల్లో నోటిమాట మీద పెట్టిపోయారు. కొన్ని గల్లీల్లో ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్లు దశాబ్దాలుగా ఉంటున్నా వాళ్ల పేరు మీద చిన్న చీటీ కూడా లేదు. సర్వే వాళ్లు తలుపు తట్టినప్పుడు వీళ్లెవరూ కిరాయిదారులు కారు. వాళ్లను లెక్కలోకి తీసుకోకుండా కట్టిన టవరు, ఎంత ఎత్తు లేచినా, నాగ్‌పాడాలో జరిగిన అన్యాయాన్నే మళ్లీ చేస్తుంది.

ఇల్లు వచ్చాకా ఒక చిక్కుంది. లిఫ్టు, పంపు, వాచ్‌మన్ అన్నింటికీ నెలనెలా డబ్బు కట్టాలి. యాభై రూపాయలు దాటని కిరాయి కట్టినవాళ్లకు అది వేలల్లో వస్తే, కొన్నేళ్లలో ఇల్లు అమ్ముకుని ఊరికి దూరంగా విరార్ అవతలికి పోతారు. అందుకే సొసైటీ పేరున నిర్వహణ నిధి ఎంత పెడతారన్నది, ఇల్లు ఎన్ని అడుగులన్న దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న.

ఈ వ్యాసం తెలంగాణలో చదివే మీలో కొందరి ఇళ్లలో, పాత ట్రంకుపెట్టె అడుగున, మరాఠీలో రాసిన ఒక కిరాయి రసీదు ఉండి ఉంటుంది. ఇప్పుడే తీసి చూడండి. ఎవరి పేరు మీద ఉందో చూసి, వారసుల పేరుకు మార్చే పని ఈ ఏడే మొదలుపెట్టండి. ఆడబిడ్డల పేర్లూ రాయించండి. ఏజెంటు తెచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చెయ్యకండి. 51 శాతం మంది ఒప్పుకుంటే పథకం కదులుతుంది, అందుకే మీ సంతకం కోసం మనుషులు పల్లెలకు కూడా వస్తారు. కొత్త ఇంటి ఒప్పందం రిజిస్టరు కానిదే ఖోలీ తాళం ఎవరికీ ఇవ్వకండి. పక్క ఖోలీలో రసీదు లేకుండా ముప్పై నలభై ఏళ్లు బతికిన మనిషి ఉంటే, ఆమె అక్కడే ఉందని మీరు సాక్షి సంతకం పెట్టండి.