కాటి సీను

హరిశ్చంద్ర నాటకంలో వారణాసి సీను ముగిసి తెర పడింది. రాత్రి రెండు కావస్తోంది. రామాలయం ముందు పరిచిన పట్టాల మీద పిల్లలు ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయారు. టీ తాగి వద్దామని మీరు లేవబోతే పక్కనున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. “ఎక్కడికండీ? కాటి సీను ఇప్పుడే మొదలవుతుంటే!”

తెర వెనక తాళ్లు లాగుతున్న చప్పుడు. రాజవీధి బొమ్మ ఉన్న తెరను చుట్టేసి శ్మశానం తెర దించుతున్నారు. ముందు తెర లేచేసరికి మీ ఎదుట ఎండిన చెట్టు, మండుతున్న చితి, దాని వెనక గంగ. అన్నీ గుడ్డ మీద రంగులతో గీసినవే. తెల్లదీపాలు ఆరిపోయాయి, నీలిరంగు దీపం ఒక్కటే వెలుగుతోంది. హార్మోనిస్టు శ్రుతి పట్టి ఉంచాడు. నటుడింకా రాలేదు, ఒక్క మాటా పుట్టలేదు. అయినా ఇంతసేపూ కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లు గొంతు తగ్గించారు.

హరిశ్చంద్రుడు వచ్చాడు. ఇందాకటి నటుడు కాదు. కాంట్రాక్టు నాటకాల్లో ఒక్క రాత్రికే ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులుంటారు. అడవి దాకా ఒకరు, వారణాసికి మరొకరు, కాటికి అందులో ఆరితేరినవారు. ముఖం మారింది, గొంతు మారింది, ఎత్తు కూడా మారింది. జనంలో ఎవరూ తికమకపడలేదు. భుజాన నల్ల గొంగళి, చేతిలో కర్ర చూడగానే అందరికీ తెలిసిపోయింది. నాట్యశాస్త్రంలో భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పాడు. మీ కళ్ల ముందు ఆహార్యం తన వంతు ముగించి వాచికానికి దారి ఇచ్చింది.

కాసేపు వచనం నడిపి, మైకు దగ్గరకు ఒకడుగు వేసి పద్యం ఎత్తుకున్నాడు. ఇది ఈ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది కాదు. జాషువాది, ‘శ్మశానవాటి’ ఖండికలోది. కావ్యంగా అచ్చయిన పద్యాలు నటుల గొంతుల మీదుగా ఈ సీనులోకి వచ్చి, అవి లేకపోతే జనం ఊరుకోరన్నంతగా ఇందులో కలిసిపోయాయి. కులం పేరుతో అడుగడుగునా అవమానాలు పడిన కవి పద్యాలు, వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయిన చక్రవర్తి నోట వినిపిస్తున్నాయి. ఇంతకంటే తగిన నోరు వాటికి దొరకదు.

సీసపద్యం. ప్రతి పాదం ఒకే మాటతో మొదలవుతుంది. ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఆయన కర్రతో నేలను చూపిస్తాడు. ఒక్కో పాదం ఒక్కో మనిషిని తెచ్చి ఈ నేల మీద పడుకోబెడుతుంది: కవి, రాజు, కొత్త ఇల్లాలు, చిత్రకారుడు. ఆయన విరుపులు గమనించండి. బడిలో పాదం చివర ఆగమంటారు. ఈయన అర్థం ఆగినచోట ఆగుతున్నాడు. సంధిలో కలిసిపోయిన మాటలను చెవికి విడివిడిగా అందేలా పలికి, అర్థం చేరిందని జనం ముఖాల్లో చూసుకున్నాకే రాగం అందుకుంటున్నాడు. అర్థం ముందు, రాగం తరువాత. ఈ వరస తప్పిన నటుడికి ఎంత గొంతున్నా పద్యం కచేరీ అయిపోతుంది.

ఎత్తుగీతిలో కవి శ్మశానాన్ని శివుడు గజ్జె కట్టి ఆడే రంగస్థలం అంటాడు. రంగస్థలం లాంటిది అనలేదు, రంగస్థలమే అన్నాడు. ఆ మాట దగ్గర నటుడి పాదం చెక్కల మీద బలంగా పడింది. చెక్కలు మోగాయి. అవి వేదిక చెక్కలే, అదే క్షణంలో కాశీలోని కాటినేల కూడా.

ఈలలు, వన్స్ మోర్‌లు. మీ పక్కన పెద్దాయన పెదవులు కదులుతున్నాయి. హరిశ్చంద్రుడి వేషానికి పేరుపడ్డ డి.వి.సుబ్బారావు క్యాసెట్లు విని విని ప్రతి విరుపూ ఆయనకు కంఠతా వచ్చు. సమాసమంటే ఏమిటో ఆయనకెవరూ చెప్పలేదు, అయినా ఏ సమాసం దగ్గరా తడబడడం లేదు. గ్రాంథిక భాష జనానికి దూరమని అనేవాళ్లను ఈ పట్టా మీద కూర్చోబెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇందాక వారణాసిలో నక్షత్రకుడు మాట్లాడినప్పుడు పందిరంతా నవ్వింది. హరిశ్చంద్రుడి దగ్గర అప్పు వసూలుకు విశ్వామిత్రుడు వెంట పంపిన మనిషి, మాటలో వెటకారం. ఎవరి నోట ఏ భాష పలకాలన్నది నాటకానికి పాత సంగతే. శాకుంతలంలో దుష్యంతుడిది సంస్కృతం, శకుంతలది ప్రాకృతం, ఉంగరం దొరికిన జాలరిది మాగధి. తెలుగులో వేదం వేంకటరాయ శాస్త్రి 1897 నాటి ‘ప్రతాపరుద్రీయం’లో పాత్రోచిత భాషను నిలబెట్టారు. అంతకు ముందే, 1892లో విజయనగరంలో ఆడిన ‘కన్యాశుల్కం’లో గురజాడ ఇంట్లో, వీధిలో వినబడే మాటతోనే నాటకం నడిపించారు. ఆ దారి ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. అయితే మామూలు మాట మోయలేని దుఃఖం వచ్చినప్పుడు పద్యం కావాలి. అలాంటి దుఃఖం ఇప్పుడు వస్తోంది.

హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి ప్రవేశించింది, చేతుల్లో లోహితుడు. పాము కరిచి చనిపోయిన కొడుకు. కాటికాపరికి ఆమె ఎవరో తెలియదు, ఆమెకు ఆయనెవరో తెలియదు. మీకు తెలుసు, పందిరి కింద అందరికీ తెలుసు. సీను బలమంతా అందులోనే ఉంది. కాటి సుంకం కట్టమంటాడు. నా దగ్గరేముందంటుంది. మెడలో మంగళసూత్రం అమ్మి కట్టమంటాడు.

హార్మోనియం ఆగిపోయింది.

ఆ సూత్రం భర్త కంటికి తప్ప మరెవరికీ కనబడదు. ఆమె తల నెమ్మదిగా పైకి లేస్తోంది. ఆయన చేతిలో కర్ర వణుకుతోంది. నిజంగా వణుకుతోందా, వణికిస్తున్నాడా అన్నది ఇంత దగ్గరి నుంచి కూడా మీరు చెప్పలేరు. సాత్త్వికమంటే ఇదే. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. ముందు వరసలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నకొడుకని తెలిశాక కూడా ఆయన సుంకం వదలడు. ఆ మాట చెప్పే పద్యంలో గొంతు పైకి పోదు, రాగం దాదాపు లేదు. సుంకం తన యజమానిది, వదిలే హక్కు తనకు లేదు. మీకు కోపమొస్తుంది, జాలేస్తుంది, ఆయన పాదాలకు దణ్ణం పెట్టాలనీ అనిపిస్తుంది.

తరువాతి కథ త్వరగానే నడిచిపోతుంది. చంద్రమతి మీద కాశీరాజు బిడ్డను చంపిందన్న నింద, ఆమెపై కత్తి ఎత్తిన భర్త, ప్రత్యక్షమైన దేవతలు, లేచి కూర్చున్న లోహితుడు. మంగళం పాడుతుండగానే జనం పట్టాలు దులుపుతున్నారు. పెద్దాయన మాత్రం తిన్నగా హార్మోనిస్టు దగ్గరికి నడిచాడు. “వన్స్ మోర్ పాడినప్పుడు మూడో పాదంలో రాగం తగ్గించేశారేమండీ?” అని నిలదీశాడు.

“రేపు పక్కూళ్లో కూడా కాటి సీను ఆయనదేనండి” అన్నాడు హార్మోనిస్టు, పెట్టె మూస్తూ. పెద్దాయన ఆ ఊరి పేరు అడిగి, మొదటి బస్సు ఎన్నింటికో కనుక్కుంటున్నాడు.