మొదటి ఊపిరి



ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రదుకును, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రదుకదు అని మన పల్లెలలో నొక వాడుక కలదు. అది నిజము కాదు. గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే. కాని అట్టి మాట పుట్టుటకు మూలమైన దుఃఖము మాత్రము నిజమైనదే. నెలలు నిండని బిడ్డ పుట్టినంతనే యేడ్చును, ఇంటివారు సంతోషింతురు. కొన్ని గడియలలో మూలుగు మొదలగును, డొక్కలెగురును, పెదవులు నీలవర్ణమగును. రెండు మూడు దినములలో ఆ బిడ్డ దక్కకపోవుచుండెను. మనవారు దృష్టిదోషమనిరి. పాశ్చాత్య వైద్యులు మృతశిశువుల ఊపిరితిత్తులలో గాజువంటి పొర నొకదానిని చూచి, ఆ పొరయే రోగమని చిరకాలము తలచిరి.

ఊపిరితిత్తులలో లెక్కకు మిక్కిలియైన చిన్న గాలితిత్తులు కలవు. వాని లోపలి తడి వానిని ఎల్లప్పుడును ముడుచుకొనునట్లు చేయజూచును. 1929లో స్విట్జర్లండునందు ఫాన్ నీర్గార్డు అను వైద్యుడు ఈ శక్తి ఎంత బలమైనదో చూపెను గాని, దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1955లో ఇంగ్లండునందు విషవాయువుల పరిశోధనశాలలో పనిచేయుచున్న పాటిల్, ఊపిరితిత్తుల నురుగులోని బుడగలు ఎంతసేపటికిని చితికిపోకుండుట గమనించెను. మంచినీటి బుడగ నిలువదు, కుంకుడురసపు నురుగు నిలుచును గదా! ఊపిరితిత్తులలోను అట్టి జిగట పదార్థమొకటి కలదని తేలెను. 1957లో అమెరికా సైనికశాలలో క్లెమెంట్సు దాని ప్రభావమును కొలిచి చూపెను. యుద్ధమునకై నెలకొల్పిన శాలలలో పసిబిడ్డల ప్రాణరహస్యము బయటపడుట చిత్రమే. ఈ పదార్థమునకు సర్ఫాక్టెంటు అని పేరు. 1959లో బోస్టను నగరమున మేరీ ఎలెన్ ఏవరీ, మీడ్ అను నిరువురు, ఈ రోగమున మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో ఆ పదార్థము లోపించినదని నిరూపించిరి.

కారణము తెలిసెను గాని మందు దొరకలేదు. 1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు కెనెడీకి అయిదున్నర వారములు ముందుగా కుమారుడు పుట్టెను. గొప్ప వైద్యులు వచ్చిరి, ఒత్తిడి హెచ్చించిన గదిలో ప్రాణవాయువు నిచ్చిరి. 9వ తేదీన ఆ శిశువు మరణించెను. 1971లో గ్రెగరీ అను వైద్యుడు, ఊపిరి విడుచునప్పుడు సైతము గాలి ఒత్తిడి తగ్గకుండ నిలిపి, 20 మంది శిశువులలో 16 మందిని కాపాడెను. 1980లో జపానునందు ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన పదార్థమును పదిమంది శిశువుల శ్వాసనాళములలో పోసి చూపెను. తరువాత పదేండ్లకు అమెరికా ప్రభుత్వము ఇట్టి మందునకు అనుమతి నొసగెను.

పెద్దవారికిని ఇట్టి శ్వాసకష్టము వచ్చునని 1967లో డెన్వరు వైద్యులు 12 మంది రోగులను చూచి వ్రాసిరి. అయితే వారిలో పదార్థము పుట్టకపోవుట కాదు, గాయములచేతను విషజ్వరములచేతను ఊపిరితిత్తులు వాచి చెడుట కారణము. అందుచే శిశువులకు పనికివచ్చిన మందు, 1996లో 725 మంది పెద్దలపై జరిగిన పరీక్షలో వ్యర్థమయ్యెను. వారికి మేలు చేసినది మందు కాదు, యంత్రము నూదు గాలిని తగ్గించుట. 2000లో ప్రకటితమైన 861 మంది పరీక్షలో అట్లు చేయుటచే మరణములు నూటికి 40 నుండి 31కి దిగెను.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది వేరొక కథ. న్యూజిలండులోని ఆక్లండున లిగ్గిన్సు అను ప్రసూతివైద్యుడు, ప్రసవమును మొదలుపెట్టునది తల్లియా బిడ్డయా అని తెలిసికొనుటకు గొఱ్ఱెలపై పరిశోధించుచుండెను. గర్భమందలి పిల్లకు స్టెరాయిడు మందు నిచ్చి చూచెను. బ్రదుకుటకు వీలులేనంత ముందుగా పుట్టిన పిల్ల యొకటి, చచ్చియుండునని తలచినది, ఊపిరి తీయుచుండెను! దాని ఊపిరితిత్తులు కొంతవరకు విచ్చుకొని యుండెను. వెదకినది వేరు, దొరికినది వేరు. ఆతడు హోవీ అను శిశువైద్యునితో గూడి 282 మంది తల్లులపై పరీక్ష జరిపి 1972లో ఫలితమును ప్రకటించెను. మందు పొందని తల్లుల శిశువులలో నూటికి 25కు పైగా శ్వాసకష్టము పొందగా, పొందినవారిలో 9 మందికే వచ్చెను. మరణములు నూటికి 15 నుండి 3కు తగ్గెను.

దీనికి యంత్రము వలదు, ఆవు ఊపిరితిత్తులు వలదు. తల్లికి ఇచ్చు చవుకయైన సూదిమందు చాలును. అయినను పెక్కుమంది వైద్యులు జంకిరి. తల్లికి జ్వరము సోకునేమో, బిడ్డ బుద్ధి మందగించునేమో యని సందేహించిరి. సందేహించుట తప్పు గాదు, కాని సందేహము తీర్చు పరీక్షలు ఒక్కొక్కటిగా వచ్చుచునే యుండెను, వానిని కలిపి చదివినవారే లేరు. 1990లో క్రౌలీ మొదలగువారు 12 పరీక్షలను, మూడువేలకు పైబడిన తల్లుల లెక్కలను, ఒకచోట చేర్చి చూపిరి. 1994లో గాని అమెరికా ఆరోగ్యసంస్థల సభ దీనిని గట్టిగా సిఫారసు చేయలేదు. నడుమ 22 సంవత్సరములు! ఆ కాలమున పోయిన శిశువులు ఏ రహస్యము తెలియక పోయినవారు కారు.

మనవంటి దేశములలో ఇది పనికివచ్చునా యను ప్రశ్న మిగిలెను. 2015లో ప్రకటితమైన పరీక్షలో, మన దేశముతో గూడ ఆరు దేశముల పల్లెలయందు, నెలల లెక్క సరిగా తెలియకయే మందు పంచగా, మేలు కనబడలేదు సరిగదా మొత్తముమీద శిశుమరణములు కొంచెము హెచ్చెను. 2020లో ప్రకటితమైన పరీక్షలో భారతదేశము, బంగ్లాదేశము, పాకిస్తాను, కెన్యా, నైజీరియాలలోని 29 ఆసుపత్రులలో, గర్భకాలము లెక్కించి, శిశుసంరక్షణ గల చోటనే 2,852 మంది తల్లులను చేర్చి, 12 గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులకు మించకుండ ఇచ్చిరి. మందు పొందనివారి శిశువులలో నూటికి 23కు పైగా మరణింపగా, పొందినవారిలో 20కి లోపుగా మరణించిరి.

ఈ మందు పనిచేయుటకు ఒకటి రెండు దినముల వ్యవధి కావలెను. ఏడవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో నొప్పులు తోచినప్పుడు, అవి నిజమైన నొప్పులా కావా యని ఇంటియొద్ద వేచియుండు ప్రతి గంటయు ఆ వ్యవధి నుండి తీసివేయబడును. వైద్యులు మొదట అడుగునది కడపటి ముట్టు తేదీ. దానిని గోడపైననో పంచాంగపు అంచుననో వ్రాసియుంచిన యింటి కోడలికి ఆ ప్రశ్నకు జవాబు సిద్ధముగా నుండును.